కెమెరామేన్ కెరీర్ ఎలా నడుస్తుంది? పి.సి. శ్రీరామ్, ఆయన శిష్యుల దారిలో తమిళ సినిమా

2000లో తమిళంలో వచ్చిన ‘ఖుషి’కి కెమెరా జీవా. మరుసటి ఏడాది అదే కథను అదే దర్శకుడు ఎస్.జె. సూర్య తెలుగులో తీశారు. దానికి కెమెరా పి.సి. శ్రీరామ్. ఈ ఇద్దరిలో గురువు శ్రీరామ్. ఆయన దగ్గర అసిస్టెంటుగా ఉండి పని నేర్చుకున్నది జీవా. అంటే శిష్యుడు ఒకసారి తీసేసిన కథను గురువు ఆ తర్వాత తన వెలుగులో మళ్లీ తీశారన్నమాట. హీరోల విషయంలో ఇలాంటిది జరిగితే ఏళ్ల తరబడి చెప్పుకుంటాం. కెమెరా విషయంలో జరిగితే పోస్టర్ అడుగున చిన్న అక్షరాల్లో ఉండిపోతుంది.

ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. ట్రైలర్ రాగానే ‘విజువల్స్ అదిరాయి’ అంటున్నారు, కెమెరామేన్ పేరు వెతుకుతున్నారు. 2024 ఆగస్టులో 70వ జాతీయ చలనచిత్ర అవార్డులు ప్రకటించినప్పుడు ఉత్తమ ఛాయాగ్రాహకుడిగా ‘పొన్నియిన్ సెల్వన్ 1’కి రవివర్మన్ పేరు వచ్చింది. ఇలాంటి సినిమా చూసినప్పుడు సహజంగానే కొన్ని సందేహాలు వస్తాయి. అంత పెద్ద సెట్లు, గ్రాఫిక్స్ ఉన్న సినిమాలో కెమెరామేన్ వాటా ఎంత? అసలు ఆయన కెమెరా పట్టుకుంటాడా? అక్కడిదాకా ఎలా చేరుకుంటాడు, చేరాక ఎలా నిలబడతాడు?

వీటికి జవాబు వెతకడానికి తమిళ సినిమా మంచి చోటు. అక్కడ ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో వంశవృక్షంలా స్పష్టంగా కనిపిస్తుంది. పైగా ఆ మనుషుల్లో చాలామంది మన సినిమాలూ తీశారు. ఈ కెరీర్లను దగ్గరగా చూస్తే ఒకటి అర్థమవుతుంది. అందమైన ఫ్రేమ్ కెమెరామేన్‌కి పేరు తేవచ్చు. పని తెచ్చేది మాత్రం అతని మీద దర్శకుడికి ఉన్న నమ్మకం.

సెట్‌లో ఎవరి పని ఏమిటి

టైటిల్స్‌లో ఛాయాగ్రహణం, సినిమాటోగ్రఫీ, డీఓపీ (డైరెక్టర్ ఆఫ్ ఫొటోగ్రఫీ) అని రకరకాలుగా వేసినా బాధ్యత ఒకటే: తెర మీద కనిపించే వెలుగు, ఫ్రేము, కెమెరా కదలిక, రంగు. దర్శకుడు సన్నివేశం ఏమిటో చెబుతాడు. దాన్ని ఎక్కడి నుంచి, ఏ లెన్స్‌తో, ఎంత వెలుతురులో చూడాలన్నది కెమెరామేన్ దర్శకుడితో మాట్లాడుకుని తేలుస్తాడు.

ఆయన కింద ఒక చిన్న సైన్యం ఉంటుంది. చాలా సినిమాల్లో కెమెరాను చేత్తో నడిపేది ఆపరేటివ్ కెమెరామేన్. నటుడు రెండడుగులు ముందుకు వస్తే ఆ రెండడుగులకూ లెన్స్ తిప్పి ముఖం మసకబారకుండా చూసేవాడు ఫోకస్ పుల్లర్. లెన్సులు, ఫిల్టర్లు, రిపోర్టులు అసిస్టెంట్ల పని. లైట్లు, జనరేటరు, ట్రాలీ, క్రేన్లు ఔట్‌డోర్ యూనిట్ నుంచి వస్తాయి, వాటితోపాటే లైట్‌మెన్ వస్తారు. షూటింగ్ అయ్యాక రంగులు సరిచేసే కలరిస్ట్ మరో చోట, చీకటి గదిలో కూర్చుని ఉంటాడు. వీళ్లందరి చేతులూ ఒకే చూపుతో పనిచేసేలా నడిపించడమే కెమెరామేన్ ఉద్యోగం. తానే కెమెరా పట్టుకుంటాడా లేదా అన్నది ఆ మనిషి అలవాటును బట్టి ఉంటుంది.

ఒక గది, ఒక కిటికీ, ఆరు గంటల షూటింగ్

ఉదాహరణకు ఒక మామూలు సన్నివేశం తీసుకుందాం. కథలో సమయం ఉదయం 11 గంటలు. మధ్యతరగతి ఇంట్లో కిటికీ పక్కన కొడుకు, కాస్త లోపలగా తల్లి. మూడు నిమిషాల మాటలు. తెర మీద మూడు నిమిషాలే అయినా తీయడానికి ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా పడుతుంది. ఈలోగా ఎండ కిటికీలోంచి నేల మీద పడుతుంది, గోడ ఎక్కుతుంది, చివరికి మాయమైపోతుంది. కొడుకు ముఖం 9 గంటల ఎండలో, తల్లి ముఖం 3 గంటల నీడలో తీసి పక్కపక్కన అతికిస్తే ఇద్దరూ వేర్వేరు రోజుల్లో మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది.

అందుకని కెమెరామేన్ అసలు సూర్యుణ్ణే నల్లగుడ్డ కట్టి ఆపేయిస్తాడు. కిటికీ బయట పెద్ద లైటు పెట్టించి, దాని ముందు పల్చటి తెల్లగుడ్డతో స్కిమ్మర్ నిలబెట్టి, కావాల్సిన 11 గంటల వెలుగును తానే తయారు చేస్తాడు. తల్లి ముఖం మరీ చీకటిగా ఉంటే ఇటువైపు ఒక తెల్ల థర్మకోల్ షీట్ పెట్టిస్తాడు.

లైటు ఎంత దూరంలో పెట్టాలి అన్నది ఇక్కడ పెద్ద లెక్క. దూరం రెట్టింపైతే వెలుగు పావు వంతుకు పడిపోతుంది. లైటును కిటికీకి ఆనించి పెట్టారనుకుందాం. కొడుకు దానికి 4 అడుగుల దూరంలో, తల్లి 8 అడుగుల దూరంలో ఉన్నారు. కొడుకు మీద పడే వెలుగులో పావు వంతే తల్లికి అందుతుంది. అదే లైటును కిటికీ బయట 20 అడుగుల వెనక్కి జరిపితే దూరాలు 24, 28 అడుగులవుతాయి. ఇప్పుడు తల్లికి దాదాపు ముప్పావు వంతు వెలుగు అందుతుంది. గదంతా నిజమైన పగటి వెలుతురులా సమానంగా పరుచుకుంటుంది. కానీ దీనికో ధర ఉంది. కొడుకు మీద పడే వెలుగు మొదటిదాంట్లో 36వ వంతుకు తగ్గిపోయింది. దాన్ని పూడ్చాలంటే ఎన్నో రెట్లు పెద్ద లైటు కావాలి, దానికి జనరేటరు కావాలి, దాన్ని పైకెత్తడానికి మనుషులు కావాలి. ‘చిన్న గది సీనుకు ఇంత పెద్ద లైటెందుకు’ అని ప్రొడక్షన్ మేనేజర్ అడిగే ప్రశ్నకు జవాబు ఈ లెక్కలోనే ఉంది.

గదిలో ట్యూబ్‌లైటు వెలుగుతూ ఉంటే ఇంకో లెక్క. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది, మన కంటికి తెలియదు. సినిమా కెమెరా సెకనుకు 24 ఫ్రేములు తీస్తుంది. ఫ్రేము మీద వెలుగు ఎంతసేపు పడాలో తేల్చేది షట్టర్, దాన్ని డిగ్రీల్లో కొలుస్తారు. మామూలుగా ఉండే 180 డిగ్రీల షట్టర్‌తో ఒక్కో ఫ్రేము మీద సెకనులో 48వ వంతు సేపు వెలుగు పడుతుంది. మినుకుకీ దానికీ పొత్తు కుదరక తెర మీద వెలుగు అల్లాడుతుంది. షట్టర్‌ను 172.8 డిగ్రీలకు తగ్గిస్తే ఆ సమయం సరిగ్గా 50వ వంతు అవుతుంది, ప్రతి ఫ్రేములోనూ రెండు మినుకులు పూర్తిగా పడతాయి, సమస్య పోతుంది. ప్రేక్షకుడికి ఎప్పటికీ తెలియని ఇలాంటి నిర్ణయాలు రోజుకు పదుల సంఖ్యలో ఉంటాయి.

ఫిల్మ్ రోజుల్లో నమ్మకం అంత ఖరీదు ఎందుకు

శ్రీరామ్ తరం పనిచేసింది ఫిల్మ్ నెగెటివ్ మీద. 35 ఎంఎం ఫిల్మ్‌లో అడుగుకు 16 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేములంటే అడుగున్నర, నిమిషానికి 90 అడుగులు. 400 అడుగుల రోలు నాలుగున్నర నిమిషాలు కూడా రాదు. 1000 అడుగుల రోలు దాదాపు 11 నిమిషాలు. పైన చెప్పిన మూడు నిమిషాల సీనును ఐదు కోణాల్లో, ఒక్కో కోణంలో నాలుగు టేకులు పూర్తిగా తీస్తే 60 నిమిషాలు, 5400 అడుగులు. ఐదు పెద్ద రోళ్లు దాటిపోతుంది. అందుకే ఏ ముక్క ఏ కోణంలో కావాలో ముందే తేల్చుకుని అంతవరకే తీసేవాళ్లు.

ఇంతా చేసి, తీసింది ఎలా వచ్చిందో సెట్‌లో ఎవరికీ తెలియదు. నెగెటివ్ ల్యాబ్‌కు వెళ్లి, కడిగి, ప్రింటు వేస్తేగానీ తెలియదు. చెన్నైలో ఆ పని చేసిన పెద్ద ల్యాబుల్లో ఒకటి మన ఎల్.వి. ప్రసాద్ 1976లో పెట్టిన ప్రసాద్ ఫిల్మ్ ల్యాబ్స్. ఊటీలోనో కశ్మీర్‌లోనో షూటింగ్ జరుగుతుంటే నెగెటివ్ డబ్బాలు మద్రాసు చేరి, ఫలితం తెలిసేలోపు హీరో కాల్షీట్ అయిపోయేది. వెలుగు లెక్క తప్పితే మళ్లీ అందరినీ అక్కడికి తీసుకెళ్లాలి. నిర్మాత డబ్బు, దర్శకుడి పేరు, హీరో డేట్లు అన్నీ లైట్‌మీటర్ పట్టుకున్న ఒక్క మనిషి అంచనా మీద నిలబడి ఉండేవి.

‘నాయకన్’ (1987) సాహసం ఇక్కడే అర్థమవుతుంది. మనం ‘నాయకుడు’గా చూసిన సినిమా అది. ధారావి మురికివాడను తోట తరణి మద్రాసులో సెట్‌గా వేశారు. దాన్ని నిజమైన చోటులా నమ్మించాల్సింది వెలుగు. శ్రీరామ్ చాలా చోట్ల వెలుగును పైనుంచి దించారు, కళ్లను నీడలో వదిలేశారు, ముఖంలో సగాన్ని చీకటికి ఇచ్చేశారు. స్టార్ ముఖం స్పష్టంగా కనపడాలన్నది ఆనాటి వాణిజ్య సినిమా మొదటి నియమం. నెగెటివ్ మీద అంత చీకటిలో పనిచేస్తే కాస్త అటూ ఇటూ అయినా బొమ్మ మొత్తం బురదలా తయారవుతుంది. మణిరత్నం ఒప్పుకున్నారు, కమల్ హాసన్ ఒప్పుకున్నారు. ఆ ఏటి జాతీయ అవార్డుల్లో శ్రీరామ్‌కు ఉత్తమ ఛాయాగ్రాహకుడు, తోట తరణికి కళాదర్శకుడు, కమల్‌కు నటుడు అవార్డులు వచ్చాయి. ఆ మూడూ ఒకదాన్నొకటి నిలబెట్టిన పనులే.

లోపలికి వచ్చే దారులు: ఇన్‌స్టిట్యూటా, అసిస్టెంటు పనా

శ్రీరామ్ 1956లో మద్రాసులో పుట్టారు. అందరూ అడయార్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే ప్రభుత్వ సంస్థలో కెమెరా చదువుకున్నారు. తరమణిలో ఉన్న ఆ సంస్థకు ఇప్పుడు ఎం.జి.ఆర్. పేరుంది. 1981లో మౌళి దర్శకత్వంలో వచ్చిన ‘వా ఇంద పక్కం’ ఆయన మొదటి సినిమా. జనం ఆయన పేరు గుర్తుపెట్టుకున్నది మాత్రం ‘మౌనరాగం’ (1986) తర్వాతే. మధ్యలో ఐదేళ్లు గడిచాయి. ఇన్‌స్టిట్యూట్ డిప్లొమా తలుపు తెరుస్తుందిగానీ కుర్చీ వేయదు.

ఇంకో దారి పుణె ఎఫ్‌టీఐఐ (ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్). శ్రీలంక తమిళుడైన బాలు మహేంద్ర అక్కడే చదివారు. మలయాళంలో కెమెరామేన్‌గా మొదలుపెట్టి కన్నడ, తెలుగు, తమిళాల్లో తిరిగారు. మన ‘శంకరాభరణం’ (1980) కెమెరా ఆయనదే. మణిరత్నం మొదటి సినిమా, 1983లో కన్నడంలో వచ్చిన ‘పల్లవి అనుపల్లవి’కి కూడా కెమెరా ఆయనే. కొత్త దర్శకుడి మొదటి సినిమాకు అనుభవమున్న కెమెరామేన్ ఉంటే ఎంత ధైర్యమో నిర్మాతలను అడిగితే చెబుతారు.

మూడో దారి ఎక్కడా చదవకుండా ఒక పెద్ద కెమెరామేన్ దగ్గర చేరిపోవడం. తంజావూరు ప్రాంతపు పల్లె నుంచి చెన్నై వచ్చిన రవివర్మన్ అలా రవి కె. చంద్రన్ దగ్గర సహాయకుడిగా పనిచేసి పైకొచ్చారు. ఈ దారిలో జీతం తక్కువ, కొన్నేళ్లు లెన్స్ పెట్టెలు మోయడమే పని. ఒకటి మాత్రం ఇక్కడే దొరుకుతుంది: సాయంత్రం వెలుగు ఇంకో ఇరవై నిమిషాల్లో పోతుందనగా, హీరో ఇంకా మేకప్ రూమ్‌లోనే ఉన్నాడనగా, గురువు ఏం చేస్తాడో పక్కనే నిలబడి చూడటం. ఏ తరగతి గదిలోనూ అది చూపించలేరు.

ఏది మేలు? ఇన్‌స్టిట్యూట్ వాళ్ల వాదనలో బలం ఉంది. అక్కడ ప్రపంచ సినిమా చూస్తారు, సైన్స్ నేర్చుకుంటారు, తప్పులు చేసే స్వేచ్ఛ ఉంటుంది. పైగా తోటి విద్యార్థుల్లో రేపటి దర్శకులు ఉంటారు. అసిస్టెంటుగా వచ్చినవాళ్ల వాదనా కాదనలేనిదే. సెట్ మీద మనుషులను నడపడం, డబ్బుకు తగ్గట్టు వెలుగు పెట్టడం పుస్తకంలో దొరకవు. వాస్తవంలో తమిళ సినిమాలో ఎక్కువ మంది ఈ రెండింటినీ కలిపే వచ్చారు. ముందు చదువు, ఆ తర్వాత ఒక గురువు దగ్గర కొన్నేళ్లు.

శ్రీరామ్ దగ్గర ఆ కొన్నేళ్లు గడిపినవాళ్ల పేర్లు చూడండి: జీవా, కె.వి. ఆనంద్, తిరు, ఎం.ఎస్. ప్రభు, బాలసుబ్రహ్మణ్యం, ఫౌజియా ఫాతిమా. ఒకే మనిషి దగ్గర నుంచి ఇంతమంది సొంతంగా కెమెరామేన్లు కావడం యాదృచ్ఛికం కాదు. ఆనంద్ కథ దీన్ని బాగా చూపిస్తుంది. ఆయన మొదట పత్రికా ఫొటోగ్రాఫర్. తర్వాత శ్రీరామ్ దగ్గర చేరారు. దర్శకుడు ప్రియదర్శన్ మలయాళంలో ‘తేన్మావిన్ కొంబత్తు’ (1994) కోసం శ్రీరామ్‌ను అడిగితే, తనకు తీరిక లేక ఆనంద్ పేరు చెప్పారు. ఆ మొదటి సినిమాకే ఆనంద్‌కు జాతీయ అవార్డు వచ్చింది. గురువు తాను వదులుకున్న అవకాశాన్ని శిష్యుడి చేతిలో పెట్టడం, గురువు మాట మీద ఒక పేరున్న దర్శకుడు కొత్తవాణ్ణి నమ్మడం: ఈ పరిశ్రమలో సిఫార్సు అంటే ఇదే. దీనికి రెండో వైపు కూడా ఉంది. గురువు దొరకనివాడికి, గురువు నోటి వెంట పేరు రానివాడికి ఈ తలుపు చాలాకాలం మూసే ఉంటుంది.

ఆడవాళ్ల విషయంలో ఆ తలుపు మరింత ఇరుకు. దర్శకుడు బి.ఆర్. పంతులు కూతురు బి.ఆర్. విజయలక్ష్మి కెమెరామేన్ అశోక్ కుమార్ దగ్గర పనిచేసి, 1985లో ‘చిన్న వీడు’తో సొంతంగా కెమెరా చేపట్టారు. రేవతి దర్శకురాలిగా తీసిన ‘మిత్ర్, మై ఫ్రెండ్’ (2002) కెమెరా ఫౌజియా ఫాతిమా చేశారు. మనం ‘ఆకాశమంత’గా చూసిన కథ తమిళ రూపం ‘అభియుమ్ నానుమ్’ (2008)కి కెమెరా ప్రీత. ఈమె శ్రీరామ్ కుటుంబం నుంచే వచ్చి, ఆయన దగ్గరే నేర్చుకున్నారు. ముగ్గురూ గొప్ప పనిమంతులే. కానీ ముగ్గురిలో ఇద్దరికి సినిమా కుటుంబం అండగా ఉందన్నది గమనించాల్సిన సంగతి. కుటుంబం లేని అమ్మాయి రాత్రి షిఫ్టులు, ఔట్‌డోర్లు, పూర్తిగా మగవాళ్లుండే యూనిట్ల మధ్య అసిస్టెంటుగా కొన్నేళ్లు నిలదొక్కుకోవడం ఎంత కష్టమో దీన్నిబట్టే ఊహించవచ్చు.

జోడీలు ఎలా కుదురుతాయి, ఎందుకు విడిపోతాయి

భారతీరాజా ‘16 వయదినిలే’ (1977)కి కెమెరా పి.ఎస్. నివాస్. తర్వాత భారతీరాజా సినిమాకు కెమెరా అంటే బి. కన్నన్ అన్నంతగా కన్నన్ కలిసిపోయారు. మణిరత్నం, శ్రీరామ్ జోడీ ‘మౌనరాగం’, ‘నాయకన్’, మనకు ‘ఘర్షణ’గా తెలిసిన ‘అగ్ని నక్షత్రం’, తెలుగులోనే తీసిన ‘గీతాంజలి’ (1989) వరకు వరసగా నడిచింది. ‘గీతాంజలి’లో ఊటీ మంచు ఒక పాత్రలా ఉంటుంది. చావు దగ్గరపడ్డ ఇద్దరి కథను ఏడుపుగా కాక వెలుగుగా చూపించాలన్న నిర్ణయంలో ఆ కెమెరా పాత్ర చాలా పెద్దది.

ఆ తర్వాత మణిరత్నం మధు అంబట్‌తో, సంతోష్ శివన్‌తో, రాజీవ్ మీనన్‌తో, రవి కె. చంద్రన్‌తో, రవివర్మన్‌తో పనిచేశారు. మధ్య మధ్యలో ‘దొంగ దొంగ’గా వచ్చిన ‘తిరుడా తిరుడా’ (1993), ‘సఖి’గా వచ్చిన ‘అలైపాయుదే’ (2000), ‘ఓకే బంగారం’గా వచ్చిన ‘ఓ కాదల్ కణ్మణి’ (2015)లకు శ్రీరామ్ దగ్గరికి తిరిగి వచ్చారు. దీన్ని గొడవగా చూడాల్సిన పనిలేదు. డేట్లు కుదరకపోవచ్చు, కథకు వేరే చూపు కావాలనిపించవచ్చు. శ్రీరామ్ కూడా హిందీలో బాల్కీతో ‘చీనీ కమ్’, ‘పా’ చేశారు, మన దర్శకుడు విక్రమ్ కుమార్‌తో ‘యావరుమ్ నలం’, తెలుగు ‘ఇష్క్’ (2012) చేశారు. కెమెరామేన్‌కు నెల జీతం లేదు. సినిమా సినిమాకు పారితోషికం, అదీ షెడ్యూళ్ల ప్రకారం విడతలుగా. ఒక్క దర్శకుడి మీదే ఆధారపడితే ఆ దర్శకుడు కథ రాసుకునే ఏడాదంతా ఖాళీ. ఆ ఖాళీని చాలామంది యాడ్ ఫిల్ములతో నింపుకుంటారు. రాజీవ్ మీనన్ అయితే ప్రకటనల రంగంలోనే పెద్ద పేరు.

భాష ఇక్కడ పెద్ద అడ్డు కాదు. అందుకే ఈ పని చేసేవాళ్లు మొదటి నుంచీ భాషల మధ్య తిరుగుతూనే ఉన్నారు. మద్రాసులో ఆంగ్లో ఇండియన్ మార్కస్ బార్ట్లీ 1957లో ‘మాయాబజార్’ను తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. లైట్లతో ఆయన సృష్టించిన ఆ వెన్నెల గురించి మనం ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం. మలయాళీ ఎ. విన్సెంట్ ‘అడవి రాముడు’ (1977), ‘అన్నమయ్య’ (1997) తీశారు. నివాస్ ‘సాగర సంగమం’ (1983) తీశారు. రాజీవ్ మీనన్ కెమెరామేన్‌గా మొదలైందే తెలుగు ‘చైతన్య’ (1991)తో. రత్నవేలు ‘ఆర్య’ (2004) నుంచి ‘రంగస్థలం’ (2018) దాకా సుకుమార్ సినిమాలకు ఎంత దగ్గరివాడో మనకు తెలుసు. తమిళ సినిమా కెమెరా చరిత్రను తమిళుల చరిత్రగా మాత్రమే రాయడం కుదరదు.

కెమెరా కనపడాలా, కనపడకూడదా

ఈ రంగంలో ఎప్పటికీ తేలని వాదం ఇది. 1988లోనే వచ్చిన రెండు తమిళ సినిమాలను పక్కపక్కన పెడితే వాదం కళ్లకు కడుతుంది.

ఒకటి ‘అగ్ని నక్షత్రం’. కెమెరా వైపే గురిపెట్టిన లైట్లు, లెన్సులో మెరుపులు, పొగలోంచి దూసుకొచ్చే కిరణాలు, క్లైమాక్స్‌లో ఆరుతూ వెలిగే వెలుతురు. కెమెరా తన ఉనికిని ప్రతి నిమిషం చాటుకుంటుంది. ఇద్దరు కుర్రాళ్ల మధ్య పగ, పొగరు, వయసు వేడి అన్నీ ఆ వెలుగులోనే ఉన్నాయి. ఆ తర్వాత కొన్నేళ్లపాటు దక్షిణాది పాటల్లో ఆ మెరుపులను ఎంతమంది అనుకరించారో లెక్కలేదు.

రెండోది బాలు మహేంద్ర ‘వీడు’. ఒక మధ్యతరగతి అమ్మాయి ఇల్లు కట్టుకోవాలని పడే యాతన. వీలైనంతవరకు సహజమైన వెలుగు, ఎక్కడా తళుకు లేదు. సినిమా అయ్యాక కెమెరా గురించి ఆలోచించం, ఆ ఇంటి గురించి ఆలోచిస్తాం. ‘నిరీక్షణ’తో మనకు దగ్గరైన అర్చనకు ఈ సినిమా ఉత్తమ నటి జాతీయ అవార్డు తెచ్చింది. శ్రీరామ్‌కు ‘నాయకన్’ అవార్డు వచ్చిందీ ఆ ఏటి అవార్డుల్లోనే.

కెమెరా కనపడకూడదనేవాళ్లు అనేదేమిటంటే, ప్రేక్షకుడు ‘ఎంత బాగా తీశాడు’ అనుకున్న క్షణంలోనే కథలోంచి బయటికి వచ్చేశాడు. కనపడినా తప్పులేదనేవాళ్ల మాట వేరు. పాట, ఫైటు, అతిశయం మన సినిమా భాషలో భాగమైనప్పుడు కెమెరా ఒక్కటే మౌనంగా ఎందుకుండాలి? నాకు రెండో వాదన సగం వరకే ఒప్పుదల. ‘అగ్ని నక్షత్రం’లో ఆ మెరుపులు కథ వేడి నుంచి పుట్టాయి. వాటిని తెచ్చి ప్రతి ప్రేమపాటలో పెట్టినవాళ్ల సినిమాల్లో అవి ఉత్త అలంకారంగా మిగిలాయి. శ్రీరామే ‘క్షత్రియ పుత్రుడు’గా వచ్చిన ‘దేవర్ మగన్’ (1992)లో ఆ మెరుపులన్నీ పక్కనపెట్టి పల్లె వెలుగును పల్లె వెలుగులా తీశారు. పేరు తెచ్చిన శైలిని అవసరం లేనిచోట వదిలేయగలగడం వల్లే ఆ కెరీర్ నలభై ఏళ్లు నడిచిందని నా అభిప్రాయం.

దర్శకుడి కుర్చీలోకి వెళ్లినప్పుడు

తమిళంలో కెమెరామేన్లు దర్శకులు కావడం బాగా ఎక్కువ. సెట్‌లో దర్శకుడి తర్వాత అన్నీ తెలిసిన మనిషి కెమెరామేనే కాబట్టి నిర్మాతలకు ఆ ధైర్యం ఉంటుంది. కానీ అందరూ ఒకేలా వెళ్లలేదు. బాలు మహేంద్ర రాయడం, తీయడం, ఎడిటింగ్ అన్నీ తానే చేసుకున్నారు. జీవా ‘12బి’ (2001) నుంచి తన సినిమాలకు తానే కెమెరా చేశారు. 2007లో ‘ధామ్ ధూమ్’ షూటింగ్ కోసం రష్యా వెళ్లి అక్కడే చనిపోయారు. రాజీవ్ మీనన్ మాత్రం ‘మిన్సార కనవు’ (1997)కి కెమెరాను వేణుకు అప్పగించారు. ఆనంద్ ‘వీడొక్కడే’గా వచ్చిన ‘అయన్’ (2009)కి ఎం.ఎస్. ప్రభును పెట్టుకున్నారు. ఆనంద్, ప్రభు ఇద్దరూ శ్రీరామ్ శిష్యులే. నటుల ముఖాలు చూడాలా, వెలుగు చూడాలా అన్న తడబాటు లేకుండా ఒక పనిని ఇంకొకరికి ఇచ్చేయడం కూడా ఒక తెలివైన నిర్ణయమే.

శ్రీరామ్ మూడుసార్లు దర్శకత్వం చేశారు. వాటిలో మనకు బాగా తెలిసింది ‘ద్రోహి’గా వచ్చిన ‘కురుదిప్పునల్’ (1995). పాటలు లేని, ఉక్కిరిబిక్కిరి చేసే ఆ పోలీసు కథను ఆస్కార్‌కు మన దేశం తరఫున పంపారు. తర్వాత ఆయన మళ్లీ ఇతరుల సినిమాలకు కెమెరా చేశారు. దర్శకత్వం పై మెట్టు, కెమెరా కింది మెట్టు అనే లెక్క ఆయన విషయంలో పనిచేయదు.

డిజిటల్ వచ్చాక ఆ వెలుగు ఎవరిది

శ్రీరామ్ దర్శకత్వంలోనే 2004లో వచ్చిన ‘వానమ్ వసప్పడుమ్’ మన దేశంలో డిజిటల్ కెమెరాతో తీసిన తొలి సినిమాల్లో ఒకటి. 2010లో ఆరి కంపెనీ అలెక్సా కెమెరా రావడంతో, ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే ఫిల్మ్ దాదాపు మాయమైంది. తేడా ఎంతటిదో చూడండి. వేగం అంటే వెలుగును పట్టే శక్తి. 100 వేగమున్న ఫిల్మ్‌తో పోలిస్తే 800 సెన్సిటివిటీ ఉన్న డిజిటల్ కెమెరాకు ఎనిమిదో వంతు వెలుగు చాలు. వీధి దీపాలతో రాత్రి సీను తీసేయవచ్చు. తీసింది అప్పటికప్పుడు మానిటర్‌లో అందరికీ కనపడుతుంది.

కొత్తవాళ్లకు ఇది పెద్ద వరం. తక్కువ ఖర్చుతో షార్ట్ ఫిల్మ్ తీసి, అదే చూపించి అవకాశం అడగవచ్చు. గురువు సిఫార్సు ఒక్కటే దారి అన్న రోజులు పోయాయి. పాతతరం ఆందోళనలోనూ నిజముంది. మానిటర్ ముందు పదిమంది చేరి పది అభిప్రాయాలు చెబుతారు. ‘రంగు తర్వాత డీఐలో చూసుకుందాం’ అంటూ సెట్ మీద తేల్చాల్సింది వాయిదా వేస్తారు. డీఐ అంటే తీసిన ప్రతి షాట్ రంగును, వెలుగును కంప్యూటర్‌లో మళ్లీ దిద్దే దశ. కలరిస్ట్ అక్కడ పగటిని సాయంత్రం చేయగలడు, గోడను నీలం చేయగలడు. సెట్ మీద కెమెరామేన్ ఒక వైపే వెలుగు పెట్టి రెండో చెంపను చీకట్లో వదిలితే, డీఐలో ఎవరైనా ఆ చెంపను వెలిగించేయవచ్చు.

అందుకే ఇప్పుడు డీఐ గదిలో ఎవరు కూర్చుంటారన్నది పెద్ద ప్రశ్న అయింది. అప్పటికి కెమెరామేన్ తర్వాతి సినిమా షూటింగ్‌లో ఉంటాడు, రిలీజ్ డేట్ తరుముతూ ఉంటుంది. ఆయన వచ్చి కూర్చుంటే బొమ్మ ఆయనది. రాలేకపోతే అది దర్శకుడు, కలరిస్ట్, కొన్నిసార్లు నిర్మాత కలిసి చేసిన బొమ్మ అవుతుంది. గ్రాఫిక్స్ ఎక్కువున్న సినిమాలో లెక్క ఇంకా చిక్కు. ఆకుపచ్చ తెర ముందు నటుడి మీద పడే వెలుగు కెమెరామేన్‌ది. వెనక కోట, ఆకాశం, సముద్రం గ్రాఫిక్స్ వాళ్లవి. ఆ రెండు వెలుగులూ ఒకే సూర్యుడివి అనిపించాలంటే ముందే కూర్చుని ఏ దిక్కు నుంచి, ఎంత గాఢంగా అని మాట్లాడుకోవాలి. ‘విజువల్స్ బాగున్నాయి’ అని మనం అన్నప్పుడు ఎక్కువగా మెచ్చుకుంటున్నది అలా కుదిరిన మాటనే.

పాత సినిమాలకూ ఈ ప్రశ్న తప్పడం లేదు. ‘నాయకన్’ 4కె రూపంలో మళ్లీ థియేటర్లకు వచ్చింది. నెగెటివ్‌ను స్కాన్ చేసినప్పుడు, 1987లో ప్రింటు మీద కనపడకుండా పోయిన వివరాలు కూడా నీడల్లోంచి బయటికి లాగవచ్చు. ధారావి ఇంట్లో ఆ మూల ఎంత చీకటిగా ఉండాలి? నాయకుడి కళ్లు కనపడాలా వద్దా? యంత్రానికి తెలియదు. ఆ రోజు లైట్‌మీటర్ పట్టుకుని, ‘ఇంత చాలు’ అని లైట్‌మెన్‌కు చెప్పిన మనిషి ఎదురుగా ఉంటే ఆయన్ని అడగవచ్చు. బార్ట్లీ, విన్సెంట్, బాలు మహేంద్ర, జీవా, ఆనంద్ ఇప్పుడు లేరు. వాళ్ల సినిమాలకు ఆ మాట చెప్పాల్సింది పక్కన నిలబడి నేర్చుకున్న శిష్యులే.